మా తమ్ముడి చలిపెట్టెల రైలు

మా తమ్ముడు వరదన్ ఇంట్లో అన్నం తినాలంటే ముందు రైలు పోయేదాకా ఆగాలి. నిజం రైలు కాదు. తిరువళ్లూరులో నిజం రైళ్లకేం కొదవ, పొద్దస్తమానం పోతూనే ఉంటాయి, వాటి దారిన అవి పోతాయి, మన కంచం జోలికి రావు. ఇది వాడు చేతులతో చేసిన రైలు. జానెడేసి బండ్లు, వాటి మీద తెల్లటి పెట్టెలు, పెట్టెల మీద నీలం అక్షరాలతో కుళిర్‌మణి అని కంపెనీ పేరు. పట్టాలు వంటింటి గుమ్మం ముందు నుంచి పోయి, బీరువా కింద దూరి, మా అమ్మ మంచం కాళ్ల మధ్య నుంచి మళ్లీ బయటికి వస్తాయి. వాడి భార్య దేవసేన సాంబారు గిన్నె పట్టుకుని గుమ్మంలో నిలబడి ఉంటుంది.

"పొయ్యిందా?" అంటుంది.

"వెనకాల పెట్టెలు ఇంకా ఉండాయి, ఉండు."

"సాంబారు ఆరిపోతా ఉండాది."

"గూడ్సు బండికి తొందర పనికిరాదు," అంటాడు వాడు, నేల మీద బోర్లా పడుకుని చక్రాల వంక చూస్తూ.

ఇదీ ఆ ఇంటి వరస. నేను పక్కింట్లోనే ఉంటాను గనుక ఈ రైలు తెచ్చిన తిప్పలన్నీ నా కళ్ల ముందే జరిగాయి. కొన్ని నా నెత్తిన కూడా పడ్డాయి.

మాది నేతపని చేసే కుటుంబం. తిరుత్తణి పక్కన పొదటూరుపేటలో మగ్గం ఉండేది. నాయన పోయాక మగ్గం అమ్మేసి తిరువళ్లూరు వచ్చేశాం. వరదన్‌కు ఇక్కడ కుళిర్‌మణి వాళ్ల గోడౌన్‌లో పని దొరికింది. చలికి గడ్డకట్టించిన పరోటాలు, పచ్చి బఠాణీలు, వడలు, అన్నీ అట్టపెట్టెల్లో పెట్టి షాపులకు పంపే కంపెనీ అది. వాళ్ల కోల్డ్ రూం ఎలా ఉంటుందంటే, మన ఫ్రిజ్‌లో పైన ఐసు కట్టే అర ఉంటుంది కదా, ఆ అరలో మనిషిని నిలబెట్టి పని చేయించినట్టు ఉంటుంది. స్వెట్టరు వేసుకుని, చేతికి తొడుగులు వేసుకుని లోపలికి పోవాలి. పెట్టెలు ఎత్తుకుని బయటికి రావాలి. బయట తిరువళ్లూరు ఎండ. మళ్లీ లోపలికి. రోజంతా ఇదే.

కొన్నేళ్లు తిరిగేసరికి వాడి వేళ్లు దెబ్బతిన్నాయి. కొసలు తెల్లగా పాలిపోయి, మొద్దుబారిపోయాయి. చొక్కా గుండీలు దేవసేన పెట్టాల్సి వచ్చేది. తెగిన పడుగు పోగును చీకట్లో కూడా ముడి వేసిన వేళ్లు అవి. డాక్టరమ్మ చూసి, ఈ చలిలో ఇంకా పని చేస్తే వేళ్లు మళ్లీ మామూలుకు రావని చెప్పింది. వేరే పనికి మార్చమని వీడు సూపర్‌వైజర్ని అడిగాడు. ఖాళీ లేదన్నాడు. మళ్లీ అడగరా అంటే వీడు అడగడు. ఇంటికొచ్చి రైలు చేసుకుంటూ కూర్చుంటాడు. నాకు ఒళ్లు మండిపోయేది.

"వేళ్లు పనికిరావంటావు. ఈ పని మాత్రం ఎట్ల చేస్తావురా?" అని అడిగాను ఒకసారి.

"ఇది చేస్తా ఉంటే వేడెక్కుతాయి అక్కా," అన్నాడు.

ఈ పిచ్చి కడంబత్తూరు రైలు గేటు దగ్గర పట్టుకుంది వాడిని. గేటు పడి ఆగితే ఎదురుగా కంటైనర్ల బండి పోయిందట. అందులో ఒక తెల్ల పెట్టెకు ముందువైపు జల్లెడ లాంటి కిటికీ, లోపల చలి మిషను. మన పరోటాలు కూడా ఇలా రైలెక్కి పోతే ఎంత బాగుంటుంది అనుకున్నాడట. గేటు తెరిచాక అందరూ ఇళ్లకు పోయారు. వీడూ ఇంటికే వచ్చాడు, కాని వచ్చీరాగానే మా ఇంట్లో దూరి నా పట్టుచీర ఉన్న అట్టపెట్టెను ఖాళీ చేసి కత్తిరించాడు. చీర కుర్చీ మీద పడేశాడు.

ఇంజనూ చక్రాలూ పట్టాలూ మాత్రం మద్రాసులో ఎవరో పాతవి అమ్ముతుంటే తెచ్చుకున్నాడు. తక్కినదంతా ఇంట్లో దొరికిందే. అమ్మకుండా మిగిలిన పాత మగ్గం అచ్చులోని, దువ్వెన పళ్లలాంటి సన్నటి ఉక్కు పుల్లలు పీకి కంటైనర్లకు నిచ్చెనలు చేశాడు. వాడి కూతురు తనుశ్రీ గోళ్ల రంగు తెల్లది కనపడకుండా పోయింది. ఆ పిల్ల ఇల్లంతా వెతుక్కుంటే అది పరోటా కంటైనర్ మీద మెరుస్తూ ఉంది. అన్నిటి మీదా కంపెనీ పేరు మాత్రం కచ్చితంగా వేశాడు. జీతం ఇచ్చే వాళ్లకంటే వీడికే ఆ పేరు మీద ప్రేమ ఎక్కువ.

ఇక మా అమ్మ పచ్చయమ్మ సంగతి. అమ్మకు కొత్త వస్తువు ఇంట్లోకి వస్తే బొట్టు పెట్టందే మనసు కుదుటపడదు. పొదటూరుపేటలో మగ్గానికి కొత్త పడుగు ఎక్కించిన రోజు, పడుగు మధ్య అటూ ఇటూ పరిగెత్తే నాడెకు చందనం, కుంకుమ పెట్టి, నమస్కారం చేసుకుని, ఆ తరువాతే నాయన చేతికి ఇచ్చేది. కిందటి ఆయుధపూజకు ఈ రైలుకు కర్పూరం హారతి ఇచ్చింది. మరీ దగ్గరగా ఇచ్చింది. ప్లాస్టిక్ రేకుతో చేసిన బఠాణీల కంటైనర్ ఒక మూల కరిగి, ఎండలో పెట్టిన ఐసుఫ్రూట్ లాగా వాలిపోయింది. వరదన్ ఆ పూట అన్నం తినలేదు.

"అమ్మా, ఇంక ఈ బండి దగ్గరకు నిప్పు తేవద్దు," అన్నాడు.

"తేనులేరా, నిప్పు తేను," అంది అమ్మ. ఆమె ఆ మాట నిలబెట్టుకుంది. అదే వచ్చిన చిక్కు.

గోడౌన్‌లో ఎవరి ఫోన్లోనో ఈ రైలు ఫొటో కంపెనీ యజమాని, మొదలాళి రాజ్‌మోహన్ కంట్లో పడింది. ఆయనదీ మన తెలుగే, రైతు కుటుంబం. వరదన్‌ను గదిలోకి పిలిచి, తిరుత్తణిలో కొత్త గోడౌన్ తెరుస్తున్నాననీ, ఆ రోజు చుట్టుపక్కల డీలర్లందరూ వస్తారనీ, వాళ్ల ముందు బల్ల మీద ఈ రైలు తిరగాలనీ చెప్పాడు.

"ఇది బాగా నడిచి వాళ్లకు నచ్చిందనుకో, నిన్ను కోల్డ్ రూంలో నుంచి తీసేసి డిస్‌ప్లే పనికి పెడతా. షాపులకు ఇట్లాంటివే చేద్దువు," అన్నాడట. "నడవకపోతే మాత్రం నన్నేమీ అడగొద్దు. ఇంకొకటి, పెట్టెలు తెల్లగా ఉండాల. మరక కనపడకూడదు. మనది సుద్ధమైన సరుకని జనం నమ్మాల."

ఆ మాటతో ఇంట్లో కర్ఫ్యూ పెట్టినట్టయింది. ఫ్యాను వేస్తే దుమ్ము పడుతుందని ఫ్యాను లేదు. తాలింపు పెడితే పొగకు తెల్ల రంగు పచ్చబడుతుందని తాలింపు లేదు. దేవసేన పోపు గరిట పట్టుకుని మా ఇంటికి వచ్చేది.

"వదినా, కొంచెం మీ పొయ్యి మీద ఆవాలు వేసుకుంటా," అనేది.

"ఆ రైలు మీద వేసి కాల్చు," అనేదాన్ని నేను.

"అదే అనుకుంటా ఉండాను వదినా. ఈయన చెయ్యి బాగుపడితే సాలు, ఆ తరువాత కాలుస్తా."

ఆ పిల్ల నవ్వుతూనే అంది గాని, గుండీలు పెట్టీ పెట్టీ విసిగిన మనిషి. ఈ ఒక్కసారి నడిస్తే వాడు చలిలో నుంచి బయటపడతాడు, నడవకపోతే ఆ వేళ్లు అంతే. ఆ సంగతి మా అందరికీ తెలుసు. అందుకే ఆవాలు మా ఇంట్లో వేయించుకుని ఊరుకుంది.

తెరిచే రోజు పొద్దున్నే కంపెనీ వ్యానులో అందరం తిరుత్తణి పోయాం. రైలును పసిబిడ్డలా దుప్పట్లో చుట్టి వరదన్ ఒళ్లో పెట్టుకున్నాడు. కొత్త గోడౌన్ ముందు హాలులో పొడవాటి బల్ల వేశారు. వాడు పట్టాలు అతికించి, కరెంటు ఇచ్చి చూశాడు. బ్రహ్మాండంగా తిరిగింది. కరెంటు పట్టాల్లో నుంచి చక్రాలకు ఎక్కి, చక్రాల్లో నుంచి ఇంజనుకు పోతుందని ఎలక్ట్రీషియన్‌కు వివరంగా చెప్పాడు. అడగకపోయినా చెప్పాడు. తరువాత కొత్త చొక్కా వేసుకోవడానికి దేవసేనను తీసుకుని లోపలికి పోయాడు. నేను వెనక వంటపొయ్యి దగ్గర డీలర్ల కోసం కంపెనీ పరోటాలు కాలుస్తున్నాను.

అమ్మ అప్పటికే కొండ మీదికి పోయి వచ్చింది. తిరుత్తణి దాకా వచ్చి మురుగన్‌ను చూడకుండా ఉంటుందా. చేతిలో ఆకుదొన్నె, దొన్నెలో చందనం, కుంకుమ.

డీలర్లు వచ్చి బల్ల చుట్టూ నిలబడ్డారు. గుమ్మడికాయ కొట్టారు. రాజ్‌మోహన్ నాలుగు మాటలు మాట్లాడి, "ఇప్పుడు చూడండి, మన సరుకు ఎట్ల పరిగెత్తబోతా ఉండాదో," అని వరదన్ వైపు తిరిగాడు.

వరదన్ మీట తిప్పాడు. రైలు కదల్లేదు.

మళ్లీ తిప్పాడు. ఇంజను దీపం ఒకసారి మిణుక్కుమని ఆరిపోయింది. వైర్లు చూశాడు. అతుకులు నొక్కాడు. ఎలక్ట్రీషియన్ వచ్చి కరెంటు వస్తోందనే చెప్పాడు. డీలర్లలో ఎవరో, "పరోటా ఇంకా కరగలేదేమో," అన్నాడు. నవ్వారు. రాజ్‌మోహన్ మాత్రం నవ్వలేదు. వరదన్ పక్కకు వచ్చి చెవిలో అన్నాడు. నేను పరోటా పళ్లెంతో అక్కడే ఉన్నాను, నాకు వినపడింది.

"ఏమప్పా ఇది? అందరి ముందరా నన్ను నిలబెట్టి పెట్టినావే."

"పొద్దున నడిచింది సార్. నేనే చూసినాను."

"పొద్దున నడిస్తే డీలర్లు పొద్దున చూసినారా? చేత్తో తోసెయ్, సీక్రం. వీళ్లు పోయేదాకా తోసి, రేపటి నుంచి కోల్డ్ రూం చూసుకో."

వరదన్ తోయలేదు. వాడి ముఖం చూడలేకపోయాను. మొద్దుబారిన వేళ్లతో ఇంజనును పట్టాల మీద నుంచి మెల్లగా ఎత్తి తిరగేశాడు. అన్ని చక్రాలకూ చుట్టూ చందనం. ఎండిపోయి, గోడకు సున్నం కొట్టినట్టు గట్టిపడి ఉంది. మీద కుంకుమ బొట్లు. ఒక్క చక్రం కూడా విడిచిపెట్టలేదు.

వాడు తలెత్తి అమ్మను చూశాడు.

"నిప్పు పెట్టలేదు గదరా," అంది అమ్మ.

"చక్రాలకా పెట్టేది అమ్మా? పైన పెట్టకూడదా?"

"పైన పెడితే ఏమి వస్తాది? ఏది ఆడతాదో దానికి పెట్టాల. నాడెకు పెడతారా, మగ్గం గుంజకు పెడతారా? మీ నాయన్ని అడుగు."

"నాయన లేడు గదా."

"ఉండి ఉంటే ఇదే చెప్పి ఉంటాడు."

ఇంజనును పట్టాల మీద నుంచి తీసి, చక్రాలకు అద్ది, మళ్లీ ఎక్కడిదక్కడ గాడి తప్పకుండా నిలబెట్టిందంటే ఆమె వేళ్లు ఇంకా నేతగత్తె వేళ్లే. నాకు కోపం రావాలో మెచ్చుకోవాలో తెలియలేదు. కోపమే వచ్చింది.

వరదన్ చొక్కా అంచుతో తుడవబోయాడు. అమ్మ వాడి చెయ్యి పట్టుకుంది.

"కొండ మీది చందనంరా అది. పని మొదలుపెట్టే దినం బొట్టు చెరిపితే ఇంట్లో ఎవరికి చేటు? నీ ముందర నీ పెండ్లాం ఉండాది, చూసుకో."

వాడి చెయ్యి ఆగిపోయింది. దేవసేన నా వంక చూసింది. ఆ పిల్లకు ఇవన్నీ పట్టింపు లేదు గాని, అంతమంది ముందు ఆ మాట అంటే ఎవరు తుడవమంటారు? నేను డీలర్ల వంక చూశాను, ఎవరైనా బుద్ధి చెబుతారేమోనని. పెరియపాళయంలో షాపు నడిపే పొన్నమ్మ అనే ఆవిడ ముందుకు వచ్చింది. పెద్ద మనిషి, ఆడి నెలలో అమ్మవారి జాతరప్పుడు ఆవిడ షాపు ముందు జనం లైను కడతారని అందరూ ఆవిడ మాట వింటారు.

"ఆమె చెప్పేది న్యాయం గదా," అంది పొన్నమ్మ. "నల్ల నేరంలో, మంచి గడియలో పెట్టిన బొట్టు తుడిచేదేంది? మా కడైలో, అంగట్లో ఫ్రీజర్‌కు పెట్టిన బొట్టు ఈ దినానికీ తుడవలేదు నేను."

"అట్లయితే బండి నడవదు పెద్దమ్మా," అన్నాడు వరదన్.

"నడవకపోతే నిలబడి ఉండనీ."

"నిలబడితే నాకు వేల పోతాది, చెయ్యబోయే ఈ పని పోతాది."

రాజ్‌మోహన్ నుదురు కొట్టుకున్నాడు. ఆయనే తుడవమని చెప్పొచ్చు. చెప్పలేదు. పొద్దున తనే దగ్గరుండి గుమ్మడికాయ కొట్టించిన మనిషి, ఇప్పుడు బొట్టు చెరపమని నోట ఎలా అంటాడు? అంతమంది పెద్దవాళ్లు, కార్లూ వ్యాన్లూ వేసుకొచ్చినవాళ్లు, చిటికెడు చందనం చుట్టూ నిలబడి ఒకరి ముఖం ఒకరు చూసుకుంటున్నారు. పరోటాలు ఆరిపోతున్నాయి. నేను పళ్లెం బల్ల మీద ధడాలున పెట్టాను.

"చెరపద్దు సరే. మార్చొచ్చు గదా?" అన్నాడు వరదన్ హఠాత్తుగా. అమ్మ దగ్గరికి వచ్చి గొంతు తగ్గించాడు. "అమ్మా, పాత నాడె విరిగితే ఏమి చేసేదానివి నువ్వు? దాని బొట్టు గీకి కొత్తదానికి పెట్టేదానివి గదా."

అమ్మ ఆలోచించింది. "ఆమా, పెట్టేదాన్ని."

"ఇదీ అట్లనే. చక్రానిది తీసి పెట్టెకు పెట్టు. నీ చేత్తోనే తియ్యి."

"పెట్టెలు ఆడవు గదరా."

"బండి ఆడితే అవీ దాంతోపాటే పోతాయి గదమ్మా. నాడె లోపల కండె పోలేదా?"

కండె మాటకు అమ్మ మెత్తబడింది. నాడె లోపల దారం చుట్టిన కండె ఉంటుంది, దానికీ పుణ్యం ఉన్నట్టే కదా. పొన్నమ్మ కూడా తల ఊపింది, మార్చడం తప్పు కాదంది. కాని ఇప్పుడు రాజ్‌మోహన్ అడ్డం వచ్చాడు.

"ఆ తెల్ల పెట్టెల మీదనా? నా పేరు మీదనా? మరక ఉండకూడదని మొదటి మాటే చెప్పినాను గదా."

"తెల్ల పెట్టె కావాలా, నడిచే బండి కావాలా సార్?" అని అడిగాడు వరదన్. కోల్డ్ రూం మార్చమని రెండోసారి అడగడానికి నోరు రాని మనిషి. ఆ మాట అనేసి తనే బెదిరిపోయాడు.

రాజ్‌మోహన్ కాసేపు పెట్టెల వంక, కాసేపు డీలర్ల వంక చూశాడు. "కానీ. ఏదో ఒకటి కానీ," అన్నాడు.

"అక్కా, హెయిర్‌పిన్ను," అని చెయ్యి చాపాడు వరదన్. నా జడలోది తీసి ఇచ్చాను. అమ్మ బల్ల ముందు కుర్చీలో కూర్చుని, ఒక్కో చక్రం చందనం పిన్నుతో గీకి, వేలి మీదికి తీసుకుని, నీళ్ల చుక్కతో తడిపి, ఒక్కో కంటైనర్ నుదుటన అద్దింది. పరోటాల పెట్టెకు, వడల పెట్టెకు, మూల కరిగిన బఠాణీల పెట్టెకు కూడా. మిగిలిన జిడ్డును వరదన్ తుడుస్తుంటే అమ్మ ముఖం పక్కకు తిప్పుకుంది. చూడకపోతే తుడవనట్టే లెక్క అనుకుంటాను.

మీట తిప్పాడు. రైలు కదిలింది. బొట్లు పెట్టుకున్న పెళ్లివారిలాగా పెట్టెలన్నీ వరసగా బయలుదేరాయి. బల్ల చివర మలుపు దగ్గర, పట్టా మీద ఎక్కడో చందనం అంటుకున్నట్టుంది, ఆగిపోయేది. ఆగినప్పుడల్లా అమ్మ కుర్చీలో నుంచి వంగి వేలితో చిన్నగా తోసేది. మళ్లీ పోయేది. డీలర్లకు అదే నచ్చింది. ఆగితే తోయడానికి పక్కకు చేరారు, పెద్ద పెద్ద మీసాలవాళ్లు.

"నాకు ఇట్లాంటిదే కావాల," అంది పొన్నమ్మ. "బొట్టు ఈమె చేత్తోనే పెట్టి ఇయ్యాల. లేకపోతే నా కడైకి వద్దు."

ఆవిడ అన్నాక తక్కినవాళ్లూ అన్నారు.

వరదన్ కోల్డ్ రూంకు పోవడం మానేశాడు. రాజ్‌మోహన్ మాట తప్పలేదు. కాని గోడౌన్‌లో చోటు లేదు, పని ఇంట్లోనే చేసుకో అన్నాడు. అంటే ఇంతకుముందు ఇంట్లో ఒక రైలు, ఇప్పుడు లెక్కలేనన్ని. దేవసేన తాలింపు ఇప్పటికీ మా పొయ్యి మీదే. వాడి వేళ్లకు మెల్లగా రంగు వస్తోంది. మొన్న చొక్కా గుండీలు తనే పెట్టుకుని వచ్చాడు. ఒకటి తప్పు కాజాలో పెట్టుకున్నాడు, అయినా ఎవరూ సరిచేయలేదు.

ఇంజన్లను మాత్రం అమ్మకు అందకుండా బీరువాలో పెట్టి తాళం వేస్తాడు. పెట్టెలకు ఎంత కావాలంటే అంత బొట్టు పెట్టుకో, చక్రాల జోలికి రాకు అని ఒప్పందం. అమ్మ సరేనంది. ఆమె సరే అంటే నాకు భయం.

ఇవాళ పొద్దున పెరియపాళయం వ్యాను వచ్చి గుమ్మం ముందు నిలబడింది. పక్కింట్లో నుంచి అరుపులు వినపడితే పోయాను. వరదన్ బీరువా ముందు చెమటలు కక్కుతున్నాడు. తాళంచెవి రంధ్రంలో సగం దూరి ఆగిపోయింది, లోపలికి పోదు, తిరగదు.

"నువ్వు ఇంజను ముట్టుకోవద్దన్నావు," అంది అమ్మ మంచం మీద నుంచి. "నేను ముట్టుకోలేదు."

"మరి ఇదేంది అమ్మా?"

"బీరువాలో ఆడేది తాళంచెవే గదరా."

వ్యాను డ్రైవరు హారన్ కొట్టాడు. వరదన్ నా వైపు తిరగకుండానే చెయ్యి చాపాడు. నేను జడలో నుంచి పిన్ను తీసి ఆ చేతిలో పెట్టాను.